ఎర్ర పెట్టకి గుడ్డు అడ్డం పడింది, నాటుపెట్ట గూడు దిగడం లేదు. బెంగళూరులో కోళ్లు పెంచేవాళ్లు కాస్త చూడండి

మిద్దెకోళ్లు, హొరమావు
అందరికీ నమస్కారం. మాకు మిద్దె మీద నాలుగు పెట్టలున్నాయి. రెండు బీవీ 380 జాతి ఎర్ర పెట్టలు, ఒక గిరిరాజ జాతి పెట్ట, ఒకటి మదనపల్లి నుంచి మా అత్తమ్మ పంపిన నాటుపెట్ట. పుంజు లేదు, తెల్లవారుజామున కూత పెడితే పక్కింటివాళ్లు ఊరుకోరు.

ఒక్కోదానికి ఒక్కో సమస్య. ముందు అర్జంటుది చెప్తాను. ఎర్ర పెట్టల్లో ఒకటి నిన్న తోలుగుడ్డు పెట్టింది. పెంకే లేదు, చేతిలోకి తీసుకుంటే అణిగిపోయింది. ఈ రోజు పొద్దున్నుంచి గూట్లోకి వెళ్తోంది, ముక్కుతోంది, మళ్లీ బయటికొస్తోంది. తోక కిందికి వాల్చి, ఒళ్లు నిటారుగా పెట్టి, కళ్లు మూసుకుని నిలబడుతోంది. దాణా ముట్టలేదు.

గిరిరాజ గుడ్లు ఆపేసి చాలా రోజులైంది, మెడ దగ్గర ఈకలు ఊడుతున్నాయి. నాటుపెట్టేమో గూట్లోంచి లేవదు, చెయ్యి పెడితే పొడుస్తోంది.

మా వీధిలో ఉన్న క్లినిక్‌లో కుక్కల్నీ పిల్లుల్నీ మాత్రమే చూస్తారట. ఏం చెయ్యాలో చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

గంపకింద, కేఆర్ పురం
మిగతా రెండూ ఆగుతాయి, ఎర్రదాన్ని చూడండి. గుడ్డు అడ్డం పడినట్టే ఉంది. ముందు దాన్ని విడిగా పెట్టండి, లేకపోతే మిగతావి వెనకాల పొడుస్తాయి. టబ్బులో గోరువెచ్చటి నీళ్లు పోసి, పొట్ట, వెనకభాగం మునిగేలా 15–20 నిమిషాలు కూర్చోబెట్టండి. నీళ్లు మీ మణికట్టుకి వెచ్చగా తగలాలి, అంతే. మొదట రెక్కలు కొట్టుకుంటుంది, రెక్కలు రెండూ ఒంటికి అదిమి పట్టుకుంటే కాసేపటికి సర్దుకుంటుంది. తర్వాత తువ్వాలుతో బాగా ఒత్తి, ఈకలు పూర్తిగా ఆరేదాకా గాలి తగలని చోట ఉంచండి. ఈ చలికి తడి ఈకలతో మిద్దె మీద వదలొద్దు.

పుంజుమామ, చిత్తూరు
అమ్మా, మా ఊళ్లో అయితే ఒక చెంచా ఆముదం నోట్లో పోస్తాం. జారి వచ్చేస్తుంది. మా నాయన కాలం నుంచీ చేస్తున్నదే.

పాతవెటర్నరీ, యలహంక
పశువైద్యుడిగా చేసి రిటైరయ్యాను. పుంజుమామ గారూ, కోపం తెచ్చుకోకండి, ఆముదం నోట్లో మాత్రం పోయకండి. కోడి నోరు తెరిచి చూస్తే నాలుక మొదట్లోనే గాలిగొట్టం రంధ్రం కనబడుతుంది. నీరసంగా ఉన్న కోడి గొంతులో నూనె పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదముంది. ఒకవేళ సరిగ్గా మింగినా ఆ నూనె పేగులోకి పోతుంది. గుడ్డు ఉండేది పేగులో కాదు, అండవాహికలో, అంటే గుడ్డు తయారై బయటికొచ్చే గొట్టంలో. ఆ రెండు దారులూ కలిసేది చిట్టచివర, బయటికొచ్చే చోట. కాబట్టి నూనె రాయాల్సింది అక్కడ. కొబ్బరినూనె చాలు.

మిద్దెకోళ్లు గారూ, స్నానంతో పాటు కాల్షియం ఇవ్వండి. ఇంట్లో మనుషులు వాడే 500 మిల్లీగ్రాముల కాల్షియం మాత్ర ఉంటే సగం పొడి చేసి, చిన్న అన్నం ముద్దలో పెట్టి తినిపించండి. తర్వాత చీకటిగా, వెచ్చగా ఉండే అట్టపెట్టెలో వదిలేసి, నీళ్లు అందేలా పెట్టి, ఒక గంటసేపు దాని జోలికి వెళ్లకండి. మీరు నిమిషానికోసారి మూత తీస్తుంటే అది ముక్కడం ఆపేస్తుంది.

కడుపు నొక్కి గుడ్డు బయటికి తోయాలని చూడకండి. లోపల పగిలితే పెంకు ముక్కలు కోసుకుని చీము పడుతుంది. రేపు పొద్దుటికి రాకపోతే హెబ్బాళ్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లండి, అక్కడ కోళ్లనీ చూస్తారు. కాల్షియం ఇంజక్షన్ ఇవ్వాలా, గుడ్డుని వేరేలా తీయాలా అన్నది వాళ్లు చూసి చెప్తారు. ఒక రోజు దాటితే ప్రాణం మీదికి వస్తుంది, ఆలస్యం చేయొద్దు.

మిద్దెకోళ్లు, హొరమావు
స్నానం చేయించాం. మా ఆయన పట్టుకున్నారు, నేను నీళ్లు చూసుకున్నాను. తుడిచేటప్పుడు రెండు కాళ్ల మధ్య గట్టిగా గుండ్రంగా తగిలింది. నూనె రాశాను. అన్నం ముద్ద ముందు వద్దంది, పెరుగు కలిపితే తినేసింది. వేలు పెట్టి చూడమని ఎక్కడో వీడియోలో చెప్పారు, చూడాలా డాక్టరుగారూ?

పాతవెటర్నరీ, యలహంక
మీకు అలవాటు లేదు కాబట్టి వద్దు. బయటికి తగిలిందంటే గుడ్డు ఉందని తెలిసిపోయింది. ఒక్కటి చూడండి: వెనక నుంచి ఎర్రగా కండ ఏమైనా బయటికి వచ్చిందా? వస్తే అది అండవాహిక జారడం, అది వేరే కథ. శుభ్రమైన నీళ్లతో కడిగి, ఆరిపోకుండా తడిగా ఉంచి, మిగతా కోళ్లకి కనబడకుండా అట్టపెట్టెలో పెట్టి రాత్రయినా సరే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఎర్రటిది కనబడితే కోళ్లు పొడిచి పేగులదాకా లాగేస్తాయి.

మిద్దెకోళ్లు, హొరమావు
లేదండీ, ఏమీ బయటికి రాలేదు. రాత్రికి ఇంకోసారి స్నానం చేయిస్తాను.

మిద్దెకోళ్లు, హొరమావు
వచ్చేసింది! తెల్లవారేసరికి పెట్టెలో గుడ్డు ఉంది. మామూలు గుడ్డు కాదు. లావు వైపు ఇసుక రాసినట్టు గరుకుగా ఉంది, నడుం దగ్గర చుట్టూ ఒక గట్టు, సన్నవైపు పెంకు ఎంత పల్చగా ఉందంటే గోరు ఆనిస్తే సొట్ట పడింది. పెట్ట లేచి నీళ్లు తాగింది, సజ్జలు వేస్తే ఏరుకుంటోంది. అందరికీ చాలా చాలా థాంక్స్.

ఇలా మళ్లీ రాకుండా ఏం చెయ్యాలి? దాణా మంచిదే వేస్తున్నాం. లేయర్ దాణా, అంటే గుడ్లు పెట్టే కోళ్ల దాణా, అని అడిగి మరీ తెచ్చుకుంటాం. పైన రోజూ కూరగాయల తొక్కలు, తోటకూర, మిగిలిన అన్నం కూడా వేస్తాం.

గంపకింద, కేఆర్ పురం
హమ్మయ్య. ఇప్పుడు ఒక పని చేయండి. దాణా సంచి మూతికి కుట్టిన చీటీ ఉంటుంది చూడండి, దాని మీద కాల్షియం ఎంత శాతమని రాసుందో చెప్పండి. సంచి మీద బొమ్మ చూసి మోసపోవద్దు.

మిద్దెకోళ్లు, హొరమావు
చూశాను. సంచి మీద షాపువాడు మార్కర్‌తో పెద్దగా లేయర్ అని రాశాడు. చీటీ మీద మాత్రం గ్రోయర్ అని ఉంది, కాల్షియం 1 శాతం. పోయిన సంచి కూడా ఇదే షాపు, దాని చీటీ లేదు ఇప్పుడు. ఇదేనా కారణం?

పాతవెటర్నరీ, యలహంక
ఇదే. లెక్క వేసుకోండి. ఎర్ర పెట్ట రోజుకి సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. 1 శాతం అంటే ఒక గ్రాము పైచిలుకు కాల్షియం. ఒక్క గుడ్డు పెంకులోకి పోయేదే 2 గ్రాములకి పైన. తిన్నదంతా ఒంటికి పట్టదు కూడా. మిగతాది ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎముకల్లోంచి. కొన్నాళ్లు ఎముకల్లోంచి తీసి పెంకు కట్టింది, అది తరిగాక తోలుగుడ్డు పెట్టింది. గుడ్డుని బయటికి నెట్టే కండరాలు ముడుచుకోవాలన్నా కాల్షియమే కావాలి. అందుకే మొన్నటి తోలుగుడ్డుకీ నిన్న ఇరుక్కున్న గుడ్డుకీ మందు ఒకటే.

గ్రోయర్ దాణా ఇంకా గుడ్డుకి రాని పెట్టలకి. గుడ్లు పెట్టేవాటి దాణాలో కాల్షియం మూడున్నర నుంచి నాలుగు శాతం, ప్రొటీన్ 16–18 శాతం ఉండాలి.

మీ నాలుగూ ఒకే దాణా తిన్నాయి, దెబ్బ తగిలింది మాత్రం ఎర్రదానికే. ఎందుకంటే రోజూ గుడ్డు పెట్టేవి ఎర్రవే. గిరిరాజ, నాటుపెట్ట ఆపేశాయి కాబట్టి వాటికి లోటు తెలియలేదు. రెండో ఎర్ర పెట్ట గుడ్లు కూడా వెలుతురులో పెట్టి చూడండి, పల్చబడుతూ ఉంటాయి.

ఆల్చిప్పల రవ్వ కొనండి. పొడి వద్దు, బియ్యపు గింజ కంటే కాస్త లావుగా ఉన్న ముక్కలు. దాణాలో కలపకుండా వేరే గిన్నెలో పెట్టండి, కావలసిన పెట్ట కావలసినంత తింటుంది. ముక్కలే ఎందుకంటే, గుడ్డు తయారవడానికి పట్టే రోజు పైచిలుకులో పెంకు కట్టడానికే దాదాపు 20 గంటలు పోతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రిపూట. అప్పుడు కోడి ఏమీ తినదు. లావు ముక్కలు కందనకాయలో నిలిచి రాత్రంతా కొంచెం కొంచెంగా కరుగుతాయి. పొడి అయితే సాయంత్రానికే దాటిపోతుంది.

అన్నం తగ్గించండి. అన్నంతో కడుపు నిండితే దాణా తక్కువ తింటుంది, ఉన్న కాల్షియం కూడా అందదు. తోటకూర కొంచెం పర్వాలేదు, అదే పనిగా వద్దు. అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. మునగాకు వేయండి.

టమోటాతోట, కోలార్
గుడ్డు పెంకులే పెట్టొచ్చు కదా డాక్టరుగారూ, డబ్బులు దండగ ఎందుకు? మా అమ్మ పెంకులు పెనం మీద వేయించి నలిపి వేస్తుంది.

పాతవెటర్నరీ, యలహంక
పెట్టొచ్చు. వేయించడం మంచి పని, కోడిగుడ్డని గుర్తుపట్టనంతగా నలపాలి. కానీ నాలుగు పెట్టల ఇంట్లో వచ్చే పెంకులు సరిపోవు, సగం గుడ్లు మీరు పక్కింటికి ఇచ్చేస్తారు కదా.

ఎండపెట్ట, చెన్నై మాధవరం
మా చెన్నైలో ఇంకో బాధ. దాణా సరిగ్గానే ఉంటుంది, ఆల్చిప్పలు ఉంటాయి, అయినా మే నెల వస్తే పెంకులు కాగితంలా అయిపోతాయి. నోరు తెరుచుకుని రొప్పుతూనే ఉంటాయి. అలా రొప్పడం వల్ల ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి, పెంకు కట్టడానికి కావలసిన కార్బొనేట్ తగ్గిపోతుందని మాకు వేప్పేరి వెటర్నరీ కాలేజీలో చెప్పారు. అప్పటి నుంచి దాణా తెల్లవారుజామున, పొద్దు వాలాక మాత్రమే వేస్తున్నాను. మధ్యాహ్నం మట్టిముంతలో చల్లటి నీళ్లు, పైన గ్రీన్ నెట్ మీద తడి గోనెసంచి. బెంగళూరువాళ్లకి ఈ గోల తక్కువే అనుకుంటా, అయినా సిమెంటు మిద్దె మీద ఏప్రిల్ ఎండ తక్కువేం కాదు.

కొత్తపెంపకం, వైట్‌ఫీల్డ్
మా దాణా షాపులో పసుపు రంగులో ఉండే ఒక మందు పొడి ప్యాకెట్ ఇస్తారు, నీళ్లలో కలిపితే గుడ్లు ఆగిన కోళ్లు మళ్లీ మొదలుపెడతాయి. గిరిరాజకి అది ఇచ్చి చూడండి.

గంపకింద, కేఆర్ పురం
ఆ ప్యాకెట్ మీద మందు పేరు చదివారా? అలాంటి వాటిల్లో చాలావరకు యాంటీబయాటిక్కే. ఈకలు రాల్చుతున్న కోడికి యాంటీబయాటిక్ ఎందుకండీ?

పాతవెటర్నరీ, యలహంక
గంపకింద గారు సరిగ్గా పట్టుకున్నారు. యాంటీబయాటిక్ వాడితే ఆ మందు గుడ్లలోకి వస్తుంది. ఎన్నాళ్లు తినకూడదో మందుని బట్టి మారుతుంది. ఇంట్లో పిల్లలు తినే గుడ్లు ఇవి. డాక్టరు చూసి రాసిస్తే తప్ప ముట్టుకోకండి.

గిరిరాజకి రోగం లేదనుకుంటున్నాను. మెడ దగ్గర మొదలై ఈకలు రాలి, కింద కొత్తవి ముళ్లలా పొడుచుకొస్తున్నాయా? అయితే అది ఈకలు మార్చుకునే కాలం. ఏడాదికోసారి వస్తుంది, రెండు మూడు నెలలు గుడ్లు ఉండవు. ఈక అంటే దాదాపు అంతా ప్రొటీనే, గుడ్డుకీ ప్రొటీన్ కావాలి, రెండూ ఒకేసారి కుదరవు. అప్పుడప్పుడూ గుప్పెడు నానబెట్టిన ఉలవలు ఉడికించి వేయండి, చాలు. ఎండుచేప వేస్తే ఉప్పు పోయేదాకా కడిగి వేయండి.

మెడ మీద కాకుండా వెనకభాగంలో, తోక కింద ఈకలు పోతుంటే మాత్రం పేలు ఉన్నాయేమో చూడాలి. ఈకలు విడదీసి మొదళ్ల దగ్గర చూడండి, తెల్లగా గుత్తులు అంటుకుని ఉంటే అవి పేల గుడ్లు.

మిద్దెకోళ్లు, హొరమావు
మెడ దగ్గరే, కింద నీలంగా ముళ్లలా వస్తున్నాయి. పేలు లేవు. చలికాలం కదా, బల్బు పెడితే గుడ్లు వస్తాయని వీడియోల్లో చెప్తున్నారు, పెట్టనా?

పాతవెటర్నరీ, యలహంక
ఆ వీడియోలు చలిదేశాలవి. అక్కడ డిసెంబరులో పగలు ఎనిమిది గంటలే ఉంటుంది. మన బెంగళూరులో డిసెంబరులో కూడా 11 గంటల 20 నిమిషాల పగలు ఉంటుంది, జూన్‌లో 13 గంటలకి కాస్త తక్కువ. పెద్ద తేడా లేదు. ఫారాల్లో 16 గంటల వెలుతురు ఇస్తారు నిజమే, అది వ్యాపారం. మీరు పెట్టాలనుకుంటే ఎర్రవాటి కోసం తెల్లవారకముందు ఒక చిన్న బల్బు వెలిగించండి. సాయంత్రం బల్బు పెట్టి టక్కున ఆపితే గూట్లో ఎక్కడున్నవి అక్కడే చీకట్లో చిక్కుకుంటాయి. ఈకలు మార్చుకుంటున్నదాన్ని మాత్రం తొందరపెట్టకండి.

ఇంకో మాట. ఒకేసారి అన్ని పెట్టలూ తోలుగుడ్లు, ముడతల గుడ్లు పెడుతూ, గురక, తుమ్ములు ఉంటే దాణా గురించి ఆలోచిస్తూ కూర్చోవద్దు. కొక్కెర తెగులు, బ్రాంకైటిస్ లాంటి వైరస్ జబ్బులు గుడ్డు మీద కూడా కనబడతాయి. టీకా సంగతి మీ పెట్టలన్నిటికీ కనుక్కుని పెట్టుకోండి.

పుంజుమామ, చిత్తూరు
సరే డాక్టరుగారూ, ఆముదం మానేస్తాను. నాటుపెట్ట సంగతి మాత్రం నేను చెప్తాను. అది పొదుగుకి వచ్చింది. పదో పన్నెండో గుడ్లు పెట్టి కూర్చుంటుంది, దాని జాతి లక్షణం. మా ఊళ్లో దాని ముక్కు రంధ్రంలోంచి ఈక దూర్చి వదులుతారు, ఆ చికాకుకి గూడు వదిలేస్తుంది.

టమోటాతోట, కోలార్
అయ్యో మామా, ఆ ఈక పని నేను చిన్నప్పుడు చూశాను. ముక్కు వాచిపోయి నీళ్లు కారేవి దానికి. వద్దు. అడుగున కూడా జాలీ ఉన్న పంజరంలో, గడ్డి లేకుండా, మూడు నాలుగు రోజులు ఉంచితే చాలు. కింద నుంచి గాలి తగిలి పొట్ట చల్లబడితే పొదుగు దిగిపోతుంది. దాణా, నీళ్లు పంజరంలోనే పెట్టాలి.

గంపకింద, కేఆర్ పురం
అసలు దింపాలా అన్నది నా ప్రశ్న. ఏడాదికి 60, 70 గుడ్లు పెట్టే నాటుపెట్టని ఎర్రదానితో పోల్చి గుడ్డు ఆపిందని బాధపడితే ఎలా? పొదగడమే దాని గొప్ప. బీవీ పెట్టలకి ఆ బుద్ధే దాదాపు పోగొట్టారు. కూర్చోబెట్టండి హాయిగా. ఒకటే చూసుకోండి, రోజుకోసారి దాన్ని ఎత్తి బయట దింపాలి. తిని, తాగి, పెద్ద రెట్ట వేసి మళ్లీ ఎక్కుతుంది. ఎత్తకపోతే ఖాళీ గూడు మీదే చిక్కి సగమవుతుంది.

మిద్దెకోళ్లు, హొరమావు
మా పాప కోడిపిల్లలు కావాలని ఒకటే గొడవ. కేఆర్ పురం వైపు ఎవరి దగ్గరైనా పుంజు పెట్టిన గుడ్లు ఉంటే చెప్పండి.

పుంజుమామ, చిత్తూరు
పుంజు గుడ్డు పెడితే ముందు నాకు చెప్పమ్మా, టీవీవాళ్లని తీసుకుని వస్తాను.

మిద్దెకోళ్లు, హొరమావు
హహ, పుంజు ఉన్న మందలో పెట్టిన గుడ్లు మామా!

గంపకింద, కేఆర్ పురం
నా దగ్గర ఉన్నాయి, ఆదివారం పది ఇస్తాను. వారం లోపు పెట్టినవే, సన్నవైపు కిందికి పెట్టి దాచాను. ఇంటికి తీసుకెళ్లి కొన్ని గంటలు కదలకుండా ఉంచి, చీకటిపడ్డాక అన్నీ ఒకేసారి దాని కిందికి తోసేయండి. 21 రోజులకి పిల్లలు. వారం దాటాక రాత్రి ఫోన్ టార్చి వెలుతురులో పెట్టి చూడండి, ఎర్రటి నరాలు కనబడని గుడ్డు తీసేయండి. కానీ ఒక మాట, సగం పుంజులే అవుతాయి. మీ పక్కింటివాళ్లు?

మిద్దెకోళ్లు, హొరమావు
కూత మొదలుపెట్టగానే మీకే ఇచ్చేస్తాం, ఒప్పుకుంటేనే గుడ్లు తీసుకుంటాను. అన్నట్టు ఆ గ్రోయర్ సంచి సగం మిగిలింది, పిల్లలకి పనికొస్తుందా?

పాతవెటర్నరీ, యలహంక
మొదటి ఎనిమిది వారాలు పిల్లలకి స్టార్టర్ దాణా వెయ్యాలి. అవి గ్రోయర్‌కి వచ్చేసరికి ఈ సంచి ముక్కిపోతుంది, బూజు పట్టిన దాణా ఇంకా ప్రమాదం. చీటీ చూపించి షాపులో మార్చుకోండి. లేయర్ దాణా మాత్రం పిల్లలకి అందకుండా చూడండి, అంత కాల్షియం వాటి కిడ్నీలని పాడుచేస్తుంది. తల్లీపిల్లలని విడిగా పెట్టి, తల్లికీ ఆ స్టార్టరే వేయండి.

గంపకింద, కేఆర్ పురం
పుంజులకి ఒప్పుకున్నాను. ఆదివారం పది గంటలకి రండి, గుడ్లకి ట్రే మీరే తెచ్చుకోండి.